రెండా, ఇద్దరా?

11వ రోజు

కొత్త జట్టు దిగిన రోజు నుంచీ పాఠం గురించి రోజూ ఈ పుస్తకంలో నాలుగు ముక్కలు రాయాలని పైవాళ్ళ నియమం. చదువుతారో లేదో తెలియదు గానీ, రాయకపోతే మాత్రం అడుగుతారు. కాబట్టి రాస్తున్నాను. పేరు వీరవేణి. ఉద్యోగం సముద్రపు గట్టు కడుపులో, నీటికి నలభై మీటర్ల కింద, కొత్తగా దిగిన పనివాళ్ళకి తెలుగు చెప్పడం. పదేళ్ళుగా ఇదే పని. కోపం ఎక్కువని పేరుంది. ఆ పేరు నిజమే.

పైన ఎవరికీ నాతో పనిలేదు. అక్కడ అందరి చెవుల్లోనూ బిళ్ళ ఉంటుంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా మనకి మన భాషలోనే వినిపిస్తుంది. గట్టులోకి దిగాక పంపుల హోరుకి ఆ బిళ్ళ మూగబోతుంది. కెమెరాలు ఈ ఉప్పు తేమకి నెల కూడా బతకవు. చివరికి మిగిలింది రాగి తీగ, గదికో రిసీవరు; అందులో మాట గదంతా వినిపిస్తుంది. ఇక్కడ వరసగా ఏడు గదులు, గదికీ గదికీ మధ్య పైనుంచి దిగే ఇనుప తలుపు. ఆ తలుపుల మీటలన్నీ మొదటి గదిలో బుల్లెబ్బాయిగారి ముందుంటాయి. ఆయన ఏ గదినీ చూడలేరు. తీగలో ఏం వింటే దాన్నిబట్టే తలుపు దించుతారు. పోయిన జట్టులో ఒకతను "నీళ్ళు తగ్గాయి" అనబోయి "నీళ్ళు తగిలాయి" అన్నాడు. నీళ్ళు గోడ మీది ప్రమాదపు ఎర్రగీతకి తగిలాయనుకుని ఆయన తలుపు దించేశారు. ఆ కుర్రాడిప్పుడు పైన ఒంటికాలితో నడుస్తున్నాడు.

అందుకే ఈ బొమ్మల పాఠం. గది మధ్యన పాత దుప్పటి కడతాను. ఇవతల కూర్చున్నవాళ్ళ చేతిలో ఒక బొమ్మ ఉంటుంది, అదేమిటో నోటితో చెప్పాలి. అవతలివాళ్ళు విని, తమ ముందున్న ఆరు బొమ్మల్లోంచి దాన్నే తీయాలి. సైగలు లేవు, తొంగిచూడటాలు లేవు. సరైన బొమ్మ బయటికి వస్తే మాట చేరినట్టు.

ఇవాళ చెప్పింది నజ్లా, విన్నది బనమాలి. నజ్లాకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆమె పుట్టిన దీవి మునిగిపోయింది. ఎనిమిదేళ్ళుగా చెల్లెలితో కలిసి పడవల శిబిరంలో ఉంటోంది. ఇరవై నాలుగో రోజున జరిగే తీగ పరీక్షలో నెగ్గితే అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒడ్డున గది వస్తుంది. తప్పితే మళ్ళీ ఆ పడవే. బనమాలి ఒడియా వెల్డరు, యాభై ఎనిమిదేళ్ళవాడు. పరీక్ష ఎప్పుడో నెగ్గాడు. ఎలా నెగ్గాడో ఆ దేవుడికే తెలియాలి. నా క్లాసుకి చాయ కోసం వస్తాడు.

బొమ్మలో నిచ్చెన ఉంది, పక్కన రెండు బకెట్లు, అందులో ఒకటి బోర్లించి ఉంది.

"నిచ్చెన," అంది నజ్లా. "పక్కన రెండు బకెట్లు. ఒకటి కూర్చుంది. ఒకటి పడుకుంది."

అవతల చాలాసేపు ఆలోచించి బనమాలి ఆరిన దీపం బొమ్మ ఎత్తి చూపించాడు. "పడుకుంటే దీపం ఆర్పుతారు కదా దిదీ!"

నా అరుపుకి ఆరో గదిలో పంపువాళ్ళు తలెత్తి చూశారట. తరవాత శాంతించి "బోర్లా" అనే మాట నేర్పాను. బకెట్ బోర్లా, గ్లాసు బోర్లా. నజ్లా పదిసార్లు పలికింది. బనమాలి తన చాయ గ్లాసు బోర్లించి, చుక్క కూడా లేదని నాకు చూపించాడు.

14వ రోజు

నలభై బొమ్మలున్న ఈ కట్టలో ఒక్క మనిషి లేడు. పైన కమిటీలో, గీసిన మనిషికి ఏ రంగు వేయాలి, ఏ బట్ట కట్టాలి అని రెండేళ్ళు కొట్టుకుని, చివరికి మనుషులందర్నీ తీసేశారు. మిగిలినవి బకెట్లు, పైపులు, చక్రాలు, చేపలు. మనిషి లేని నిచ్చెన, మనిషి లేని కుర్చీ. ఈ సంగతి ఇదే పుస్తకంలో మూడుసార్లు రాశాను. ఇది నాలుగోసారి.

ఇవాళ వినే అభ్యాసం. నేను చెబుతూ ఉంటే వాళ్ళు సుద్దతో గోడ మీద గీయాలి. "పైన దీపం. ఎడమ పక్క నిచ్చెన. కుడి పక్క పైపు. కింద నీళ్ళు." ఎప్పుడూ ఇదే వరస: పైన, ఎడమ, కుడి, కింద. గాభరాలో ఏది ముందు చెప్పాలో మనిషికి తోచదు. వరస అలవాటైతే నోరు దానంతటదే నడుస్తుంది. నజ్లా గీసింది అచ్చుగుద్దినట్టు వచ్చింది. చెవి మంచిదే, తడబడేది నోరే. తలుపులోంచి వెల్డర్లు వస్తుంటే చూసి "రెండు మనుషులు వచ్చాయి" అంది. వినీ విననట్టు ఊరుకున్నాను. అప్పటికే మధ్యాహ్నం దాటింది, ఆకలి మీదున్నాను.

ఏడో గది పడమటి గోడ అతుకు దగ్గర చెమ్మ కనిపించిందని ధర్మరాజు చెప్పాడు. ఇతను మన అమలాపురం వైపు కుర్రాడే, బనమాలికి జోడీ వెల్డరు. బుల్లెబ్బాయిగారు వెళ్ళి తడి ఎక్కడిదాకా ఉందో సుద్దగీత పెట్టి వచ్చారు.

"గోడకి చెమట పట్టిందంటే ఊరికే కాదండి టీచరుగారూ," అన్నారు. "పైకి చెప్పానండి. చూద్దామన్నారు. వాళ్ళు చూసేదేటండి, ఒడ్డున కూర్చుని!"

17వ రోజు

ఆకలి మీద వదిలేసిన తప్పు నన్ను వదల్లేదు. ఇవాళ నజ్లా "మూడు మనుషులు" అంది. బొమ్మల వెనకవైపు ఖాళీ చూసి నేనే మనుషుల్ని గీశాను. గుండ్రటి తల, నిలువు గీత, రెండు కాళ్ళు. కమిటీ వచ్చి రంగు అడుక్కోవచ్చు.

"బకెట్ ఒకటి, మనిషి ఒకరు. బకెట్లు రెండు, మనుషులు ఇద్దరు. మూడు, ముగ్గురు. నాలుగు, నలుగురు. బకెట్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు."

నజ్లా కనుబొమలు ముడిచి వింది. "టీచర్, బకెట్ వచ్చింది?"

"అవును, వచ్చింది."

"నజ్లా వచ్చింది?"

"అవును."

"బకెట్, నజ్లా, ఒకటే?"

బనమాలి పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మండింది ఆమె మీద కాదు. పదేళ్ళుగా చెబుతున్న భాషలో ఆడమనిషికీ బకెట్‌కీ ఒకటే క్రియ అని మొదటిసారి ఒకరు మొహం మీద చెప్పారు. "ఒక్కదానివైతే అంతే," అన్నాను. "ఇద్దరైతే మాత్రం మనుషుల్లోకి వస్తాం. ఇద్దరు వచ్చారు."

"అయితే ఇద్దరు మంచిది," అంది నజ్లా. అంతటితో ఆగలేదు. చేప బొమ్మ తీసింది. "చేప ఒకటి. మనిషి ఒకరు. మనిషి చనిపోతే?"

"శవం ఒకటి. ప్రాణం ఉన్నంతవరకే ఒకరు. ఇంక రాసుకో."

విసుగులో అన్నమాట. అబద్ధం కాదు, కానీ కాస్త ఆలోచించి చెప్పాల్సిన మాట. బనమాలికి అది దొరికిపోయింది. "దిదీ, నేను పొద్దున చాయ తాగక ముందు ఒకటి. చాయ తాగాక ఒకరు!" అన్నాడు గ్లాసు ఎత్తి. సాయంత్రానికి ఈ హాస్యం ఏడు గదులూ తిరిగింది. బుల్లెబ్బాయిగారు కూడా "ఏటండి బనమాలీ, ఇయ్యాల ఒకటా ఒకరా?" అని తీగలో పలకరించారు.

సుద్దగీత మీదికి తడి రెండు వేళ్ళ మేర పాకింది.

20వ రోజు

ప్రమాద అభ్యాసం జరిగింది. గంట కొడితే ఏడో గదిలోవాళ్ళు ఆరో గదిలోకి రావాలి, ఆరో గదిలో తీగ దగ్గరున్నవాళ్ళు లెక్క చెప్పాలి. తీగ దగ్గర నజ్లాని కూర్చోబెట్టాం. నేను మొదటి గదిలో బుల్లెబ్బాయిగారి పక్కన ఉన్నాను.

గంట మోగింది. తీగలో నజ్లా గొంతు సన్నగా వచ్చింది. "నాలుగు వచ్చాయి."

"నాలుగేటమ్మా? మేకలా?" అని అరిచారాయన.

"నలుగురు! నలుగురు వచ్చారు, సార్!"

రిసీవరు పెట్టి ఆయన నా వైపు తిరిగారు. "క్లాసులో బానే చెబుతాదంటారు. గంట కొడితే మాత్తరం మర్చిపోద్ది. తీగ మీద ఒకసారి అన్నమాటే మాటండి. దిద్దుకునే టైముండదు."

నిజమే. ఆమె తలలో లెక్క సరిగ్గానే ఉంది. తొందర పుట్టగానే నాలిక పాత దారి పడుతోంది. ఆ దారి వేసింది పద్నాలుగో రోజున నేనే. నాలుగు రోజుల్లో దాన్ని చెరిపేయాలి. ఇవాళే మొదలుపెట్టి గంట కొట్టి అడుగుతున్నాను. పళ్ళెం గరిటెతో కొట్టి అడుగుతున్నాను. అన్నం తింటుంటే వెనక నుంచి వెళ్ళి అడుగుతున్నాను. పదిలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెబుతోంది.

24వ రోజు

పరీక్ష అయింది. పైనున్న పరీక్షకుడు ఆరు బొమ్మలు ముందు పెట్టుకుని తీగలో విన్నాడు. నజ్లా పైన, ఎడమ, కుడి, కింద అని వరసగా చెప్పింది. ఐదు బొమ్మల్లో ఐదూ అతను సరిగ్గా తీశాడు. కమిటీ బొమ్మల్లో మనుషులు లేరు కాబట్టి మనుషుల లెక్కే రాలేదు.

చివర్లో నేను సంతకం పెట్టే కాగితంలో "ప్రత్యేక గమనిక" అని ఒక గీత ఉంటుంది. అందులో రాయాల్సింది నాకు తెలుసు: తొందరలో మనుషుల లెక్క, వస్తువుల లెక్క కలిపేస్తుంది. ఆ గీత మీద ఏ మాట రాసినా మనిషిని పైకి పంపేస్తారు. నజ్లా ఎదురుగా నిలబడి నా కలం వైపే చూస్తోంది. రాత్రి చెల్లెలికి ఉత్తరం కూడా రాసిపెట్టుకుంది, పరీక్ష నెగ్గామని, ఒడ్డున కిటికీ ఉన్న గది అడగమని.

గీత ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.

బనమాలి రెండు చేతులూ ఎత్తి "ఒడ్డు మీద ఇద్దరు! ఇద్దరు!" అని గంతులేశాడు. అందరికీ తనే చాయ పోశాడు. నా గ్లాసు బల్ల మీదే పెట్టేశాను. ఏడో గదిలో తడి మోకాలెత్తు దాటింది. పైనుంచి మరమ్మతు జట్టు నాలుగు రోజులకి వస్తుందట. అందాకా అతుకు మీద పట్టీలు వెల్డింగ్ చేయమన్నారు.

27వ రోజు

జరిగింది జరిగినట్టు రాయాలి. 

పొద్దున తొమ్మిదిన్నర. ఏడో గదిలో బనమాలి, ధర్మరాజు పట్టీ వేస్తున్నారు. ఆరో గదిలో తీగ దగ్గర నజ్లా డ్యూటీలో ఉంది. నేను మొదటి గదిలో బుల్లెబ్బాయిగారికి హాజరు పట్టీ ఇస్తున్నాను. కాళ్ళ కింద నేల ఒకసారి అదిరింది. ఆయన మొహం చూస్తే అర్థమైంది.

తీగ మోగింది. "గోడ పడింది," అంది నజ్లా. "ఏడు గోడ పడింది. నీళ్ళు."

గంట కొట్టారు. మిగతా గదుల్లోంచి జనం మొదటి గదికి పరిగెత్తుకొచ్చారు. ఇరవై మూడుమంది, హాజరు పట్టీ నా చేతిలోనే ఉంది కాబట్టి లెక్క తప్పలేదు. ఏడో గది తలుపు దించేస్తే నీళ్ళు అక్కడే ఆగిపోతాయి. దించకపోతే గడప దాటి ఆరో గదిలోకి వస్తాయి. ఆరో గది గోడ మీద ఎర్రగీత ఉంది. నీళ్ళు ఆ గీత దాటితే పంపు మునుగుతుంది, పంపు మునిగితే గట్టులో ఉన్న ఎవరమూ మిగలం.

"నజ్లమ్మా, గీతకి ఎంత దూరంలో ఉన్నాయి?" అనడిగారు బుల్లెబ్బాయిగారు.

"రెండు జానలు కింద."

"లోపలెంతమంది ఉన్నారు?"

తీగలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత నజ్లా అంది. "రెండు."

"రెండేటి? ఏం రెండు?"

"రెండు, సార్. రెండు."

ఆయన చెయ్యి మీట మీద ఉంది. నా వైపు తిరిగారు. ఆ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. "టీచరుగారూ, పేణం పోతే ఒకటి అని మీరే కదండీ చెప్పింది! రెండు పేణాలూ పోయాయంటుందా? లేపోతే లెక్క రాక అంటుందా? మీరు చెప్పండి. పోయినోళ్ళ కోసం తలుపు తెరిచి ఉంచితే ఇక్కడ ఇరవై మూడుమంది. బతికున్నోళ్ళ మీద దించితే నేనేమైపోవాలండి?"

నాకు తెలియలేదు. అదే చెబుతున్నాను. పదేళ్ళుగా దుప్పటికి అటూ ఇటూ మాటలు మోయిస్తున్న నాకు, ఆ "రెండు" తప్పో నిజమో తెలియలేదు. పదిలో రెండుసార్లు తప్పుతుందని నాకు తెలుసు, ఖాళీగా వదిలిన గీతా తెలుసు. కానీ ఆమె సరిగ్గానే అని ఉంటే? శవం ఒకటి అని నేర్పింది కూడా నేనే.

ఆయన చేతిలోంచి రిసీవరు లాక్కున్నాను.

"నజ్లా, నేను టీచర్‌ని. విను. దుప్పటి కట్టాను. బొమ్మ నీ దగ్గర ఉంది. నాకు కనిపించదు. వరసగా చెప్పు. పైన?"

ఊపిరి వినిపించింది. ఒకసారి, రెండోసారి. తరవాత వచ్చిన గొంతు క్లాసులో గొంతు. "పైన దీపం. ఆరలేదు."

"ఎడమ పక్క?"

"ఎడమ పక్క నిచ్చెన. నిచ్చెన దగ్గర ధర్మరాజు అన్న. కాలు పైపు కింద. చెయ్యి మెట్టు పట్టుకుంది."

"కళ్ళు?"

"నన్ను చూస్తున్నాయి. అన్న నన్ను పిలుస్తున్నారు."

పిలుస్తున్నారు అంది. బుల్లెబ్బాయిగారు మీట మీంచి చెయ్యి తీసి, గోడకి ఆనుకుని ఉన్న ఇద్దరు పంపువాళ్ళకి ఆరో గది వైపు చూపించారు. వాళ్ళు పరిగెత్తారు. అక్కడికి చేరాలంటే ఐదు గదులు దాటాలి.

"కుడి పక్క?" అన్నాను.

మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"నజ్లా, కుడి పక్క?"

"కుడి పక్క బనమాలి దాదా."

"కూర్చున్నాడా? నిలబడ్డాడా?"

"బోర్లా," అంది నజ్లా. "టీచర్, నీళ్ళలో బోర్లా. తల మీద గోడ. గోడ పడినప్పటి నుంచి."

బకెట్‌తో నేర్పిన మాట. ఇంకొక్కటి అడగాలి. అడగకుండా ఉండటానికి నా ప్రాణమైనా ఇచ్చేదాన్ని. "నజ్లా, రెండా? ఇద్దరా?"

"రెండు కాదు," అంది. "ఇద్దరు కాదు." మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా, నేను కోరినట్టే వచ్చాయి. "ఒకరు. ఒకటి."

గదిలో ఉన్న అందరూ విన్నారు.  ఎవరో వెనక ఏడుపు మొదలుపెట్టారు.

బుల్లెబ్బాయిగారు నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నారు. "అమ్మా, ఆ ఒకర్ని లాగెయ్. రెండోదాని జోలికెళ్ళకు. విన్నావా? మూడొందలు లెక్కెట్టేదాకా ఆపుతాను. ఆపైన నాచేత కాదు."

రిసీవరు వదిలేసి ఆమె నీళ్ళలోకి దిగిన చప్పుడు వచ్చింది. ఆ తరవాత వచ్చినదంతా నీళ్ళ హోరే. గీత ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. ఆయన మీట పట్టుకుని నా వైపు చూసి "మీరు లెక్కెట్టండి," అన్నారు. పైకే లెక్కపెట్టాను. నూరు దాటింది. నూట యాభై దాటింది. రెండు వందల పది దగ్గర ఇనుము మీద ఇనుము మోగింది, పైపు కదుపుతోంది కాబోలు. రెండు వందల నలభై దగ్గర ఒక మగ గొంతు పెద్దగా అరిచింది, అది ధర్మరాజుదని ఆయనన్నారు. లెక్క ఆపలేదు. రెండు వందల డెబ్భై. ఆయన వేళ్ళు మీట చుట్టూ బిగిశాయి. రెండు వందల ఎనభై ఎనిమిది.

"ఇద్దరం బయట!" అంది తీగ. "ఇద్దరం! తలుపు!"

ఆయన మీట లాగారు. కాళ్ళ కింద నేల మళ్ళీ ఒకసారి అదిరింది. పంపువాళ్ళు చేరేసరికి ఆరో గదిలో నీళ్ళు గీతకి బెత్తెడు కింద ఆగి ఉన్నాయట. ధర్మరాజు కాలు విరిగింది. నజ్లా అరచేతులు రెండూ చీరుకుపోయాయి.

"ఇద్దరం" అనే మాట నేను నేర్పలేదు. ఎక్కడ విందో తెలియదు.

28వ రోజు

నజ్లా చేతులకి కట్లు కట్టారు. నేను అన్నం తినిపించబోతే వద్దంది. గోడ వైపు చూస్తూనే నాతో మాట్లాడింది.

"టీచర్, నాకు తప్పు కాదు."

"ఏది?"

"రెండు. నాకు లెక్క వచ్చు. అన్న ఒకరు. దాదా ఒకటి. సార్ ఎంతమంది అన్నారు. ఒకరు, ఒకటి, కలిపితే ఏమిటి? రెండా, ఇద్దరా? మీరు చెప్పలేదు. నేను వెతికాను. అప్పుడు రెండు అన్నాను."

 మాకు వినిపించిన ఆ నిశ్శబ్దంలో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఈ పిల్ల నా పాఠంలో లేని లెక్క కోసం వెతికింది. నేను ఆమె నాలికని అనుమానించాను. కన్నీళ్ళు ఆగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

ఖాళీగా వదిలిన గీత గురించి బుల్లెబ్బాయిగారితో చెప్పేశాను. ఆయన మీటలు తుడుస్తూ విన్నారు. "రాసుంటే ఆ అమ్మాయి పైనుండేది. ఇంకెవడో తీగ దగ్గరుండేవోడు, వాడు గడప దాటేవోడో లేదో," అన్నారు. "అలాగని మీరు చేసింది రైటనను టీచరుగారూ. నన్నడక్కండి."

అడగను. ఆ గమనిక ఇక్కడ రాసి ఉంచుతున్నాను, ఎవరైనా చదివితే చదవనీ. తప్పు పాఠానిది. పాఠం నాది.

31వ రోజు

మరమ్మతు జట్టు గోడ మూసి, ఏడో గదిలో నీళ్ళు తోడింది. బనమాలిని బయటికి తెచ్చారు. తెల్లగుడ్డ చుట్టి ఆరో గదిలో పడుకోబెట్టారు. పక్కనే బల్ల మీద ధర్మరాజు, కాలికి చెక్కలు కట్టించుకుని, అటువైపు చూడలేక పైకప్పు చూస్తూ ఉన్నాడు.

పైకి వెళ్ళే బుట్ట ఇవాళ్టిదాకా మరమ్మతు సామానుకే సరిపోయింది. దానికి రెండు భాగాలున్నాయి. పై భాగంలో బెల్టులున్న కుర్చీలు బిగిస్తారు, అవి మనుషులకి. కింది భాగం సామానుకి. చనిపోయినవాళ్ళని సంచిలో పెట్టి సామానులో పంపడం ఇక్కడి పద్ధతి. పదేళ్ళలో ముగ్గుర్ని అలా పంపాం. నేను ఏనాడూ నోరు మెదపలేదు.

తీగ దగ్గర నజ్లాయే ఉంది, కట్ల చేతులతో. పైవాడు ఎన్ని కుర్చీలు బిగించాలో అడగడానికి ఇంకా టైముంది. ఆమె లేచి వెళ్ళి ఫ్లాస్కులోంచి చాయ పోసింది. బనమాలి స్టీలు గ్లాసు అది. గుడ్డ అంచు కొంచెం తొలగించి, వేలితో రెండు చుక్కలు అతని పెదవుల మీద వేసింది. మనవాళ్ళు తులసి నీళ్ళు వేసినట్టే. ఎవరు చెప్పారో ఆమెకి. గుడ్డ మళ్ళీ కప్పి, వచ్చి తీగ దగ్గర కూర్చుంది.

తీగ మోగింది. "ఎంతమంది వస్తున్నారు?"

"ఇద్దరు," అంది నజ్లా.

"నా కాగితంలో ఒక మనిషి, ఒక శవం అని ఉందే."

"ఇద్దరు."

"ఏవమ్మా, నీకు లెక్క రాదా? టీచరుగారున్నారా అక్కడ? ఆవిడకివ్వు. టీచరుగారూ, అమ్మాయి తప్పు చెబుతోంది, కాస్త దిద్దండి."

నజ్లా రిసీవరు నా వైపు చాపింది. ఆ కళ్ళు నన్ను బతిమాలలేదు. పరీక్ష రోజున నా కలం వైపు చూసినట్టే చూశాయి.

"చాయ తాగాక ఒకరు, టీచర్," అంది మెల్లగా.

రిసీవరు తీసుకున్నాను. "తప్పేం లేదండి," అన్నాను. "ఆవిడ సరిగ్గానే చెప్పింది. వస్తున్నది ఇద్దరు. రెండు కుర్చీలు బిగించండి."

"అలా కాదండీ, పద్ధతి ప్రకారం..."

"ఈ గట్టులో తెలుగు చెప్పేది మీరా, నేనా?"

అవతల రిసీవరు పెట్టిన చప్పుడు వచ్చింది. తరవాత గొలుసులు కదిలాయి. బుట్ట రెండు కుర్చీలతో దిగింది. బుల్లెబ్బాయిగారు స్వయంగా వచ్చి బనమాలిని కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, తల ఒరిగిపోకుండా తన తువ్వాలు మడిచి మెడ పక్కన పెట్టారు. స్టీలు గ్లాసు జేబులో పెట్టారు. పక్క కుర్చీలో ధర్మరాజు కూర్చుని, చెయ్యి చాపి ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

తలుపు వేశారు. నజ్లా రిసీవరు అందుకుంది. ఆమె ఏం చెప్పాలో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

"ఇద్దరూ బయల్దేరారు," అంది.